షాక్ వేవ్ లెక్కలో రేడియేషన్‌ను ఎప్పుడు వదిలేయొచ్చు, ఎప్పుడు వదలకూడదు? (ఆర్గాన్, సెకనుకు 10 కి.మీ.)

కోరంగి మడ:
షాక్ ట్యూబ్‌లో (షాక్ తరంగాన్ని పుట్టించి కొలిచే గొట్టంలో) ఆర్గాన్ ఉందండి. ముందున్న వాయువు పీడనం 100 పాస్కల్, ఉష్ణోగ్రత 300 కెల్విన్. షాక్ వేగం సెకనుకు 10 కి.మీ. రాంకిన్–హ్యూగోనియో సమీకరణాల్లో (షాక్‌కు ముందు, వెనక స్థితులను కలిపేవి) గామా, అంటే విశిష్టోష్ణాల నిష్పత్తి, 5/3 పెడితే వెనక ఉష్ణోగ్రత 90,000 కెల్విన్, సాంద్రత 4 రెట్లు, పీడనం 1.2 లక్షల పాస్కల్ వచ్చాయి. ఆ ఉష్ణోగ్రతకి రేడియేషన్ పీడనం 16,500 పాస్కల్ దాకా ఉంది, అంటే వాయు పీడనంలో 14 శాతం. దీన్ని మొమెంటం సమీకరణంలో కలిపేస్తే సరిపోతుందా, ఇంకేమైనా చెయ్యాలా? కాకినాడ, రాజమండ్రి వైపు ఈ పని తెలిసినవాళ్లు ఇక్కడ ఉన్నారని రాస్తున్నాను.

వశిష్ఠ:
రేడియేషన్ సంగతి తర్వాత చూద్దాం. ముందు ఆ 90,000 తప్పండి. ఆర్గాన్ అణువు నుంచి ఒక ఎలక్ట్రాన్‌ను ఊడదీయాలంటే 15.76 ఎలక్ట్రాన్ వోల్టులు కావాలి. కిలోకి లెక్కేస్తే 3.8×10⁷ జౌళ్లు. సెకనుకు 10 కి.మీ. వేగంతో వచ్చే కిలో వాయువు దగ్గరున్న గతిశక్తి మొత్తం 5×10⁷ జౌళ్లే. అందులో మూడొంతులు అయనీకరణకే పోగలదు. ఎంథాల్పీ సమీకరణాన్ని, మేఘనాథ్ సాహా సమీకరణాన్ని (ఏ ఉష్ణోగ్రత, పీడనాల దగ్గర ఎంత వంతు అయనీకరణ అవుతుందో చెప్పేది) కలిపి సాధించండి. మొదటి అంచనా 15,000 పెట్టి నాలుగైదు సార్లు తిప్పితే నిలబడుతుంది. చేత్తో వేసినా సుమారు 17,500 కెల్విన్, 85 శాతం అయనీకరణ వస్తాయి. సాంద్రత నిష్పత్తి 4 కాదు, 14 దగ్గర ఉంటుంది.

శక్తి లోపలికి ఇంకిపోయే దారి దొరికినప్పుడల్లా షాక్ ఇంకా గట్టిగా అణుగుతుంది. అయనీకరణ అలాంటి ఒక దారి, రేడియేషన్ ఇంకొకటి.

కోరంగి మడ:
థాంక్సండి, తిరగేశాను: 17,400, 86 శాతం. ఇప్పుడు రేడియేషన్ పీడనం 23 పాస్కల్, వాయు పీడనం 1.5 లక్షలు. అంటే రేడియేషన్‌ను పూర్తిగా వదిలేయొచ్చు కదా?

గౌతమి పాయ:
వదలకూడదండి. చాలామంది జారేది ఇక్కడే. రేడియేషన్ పీడనం, రేడియేషన్ శక్తి సాంద్రత చిన్నవని చూసి ప్రవాహాన్ని కూడా కొట్టేస్తారు. వాయువు సెకనుకు 10 కి.మీ. వేగంతో శక్తిని మోస్తుంటే, రేడియేషన్ సెకనుకు 3 లక్షల కి.మీ. వేగంతో మోస్తుంది. నిల్వ కొంచెమే ఉన్నా రవాణా పెద్దది కావచ్చు. పోల్చాల్సినది ప్రవాహాలను.

మీ అంకెలతోనే చూద్దాం. ముందున్న సాంద్రత ఘనమీటరుకు 1.6 గ్రాములు. షాక్‌లోకి వచ్చే శక్తి ప్రవాహం, అంటే సాంద్రత × వేగం ఘనం ÷ 2, చదరపు మీటరుకు 8×10⁸ వాట్లు. 17,500 కెల్విన్ దగ్గర నల్లవస్తువు వెదజల్లేది 5.67×10⁻⁸ × ఉష్ణోగ్రత నాలుగో ఘాతం, అంటే 5.3×10⁹ వాట్లు. వచ్చేదానికి ఆరున్నర రెట్లు పోవాలన్నమాట! అది జరగదు. జరగదు గనుక తేలేది ఒకటే: ఆ వాయువు నల్లవస్తువులా వెలగడం లేదు, కాంతికి పలచగా ఉంది. దాని ఎమిసివిటీ, అంటే నల్లవస్తువుతో పోలిస్తే వెలిగే వంతు, 0.01 అయినా వచ్చిన శక్తిలో 6 శాతం పోతుంది, 0.05 అయితే మూడో వంతు పోతుంది. కాబట్టి మీరు అడగాల్సిన ప్రశ్న "రేడియేషన్ పీడనం ఎంత" కాదు, "ఫోటాన్లు ఎక్కడ ఆగుతున్నాయి" అనేది.

ఇంకో మాట. గామా మారకుండా ఉంటే ఉష్ణోగ్రత వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. రేడియేషన్ వేగం ఎనిమిదో ఘాతాన్ని బట్టి, వచ్చే శక్తి మూడో ఘాతాన్ని బట్టి పెరుగుతాయి. నిష్పత్తి వేగం ఐదో ఘాతం ÷ సాంద్రత. వేగం రెట్టింపైతే 32 రెట్లు. వాయువు నల్లవస్తువులా వెలిగే హద్దులో, పీడనం పెంచితే రేడియేషన్ ప్రాధాన్యం తగ్గుతుంది. అయనీకరణ ఉంటే ఉష్ణోగ్రత ఇంత జోరుగా పెరగదు కాబట్టి ఈ ఐదో ఘాతాన్ని దిక్సూచిగానే వాడండి, కొలతగా వద్దు.

ధవళేశ్వరం లాకు:
కాలవల భాషలో అడుగుతాను, తప్పైతే దిద్దండి. లాకు తలుపు కిందనుంచి దూసుకొచ్చిన నీరు కొంత దూరం పోయాక ఒక్కసారి ఎగిసి మందమవుతుంది, హైడ్రాలిక్ జంప్. దాన్ని షాక్‌తో పోలుస్తారు కదా. మరి రేడియేషన్ ఉన్న షాక్‌కి అందులో పోలిక ఏముంది?

గౌతమి పాయ:
మంచి ప్రశ్నండి. జంప్‌లో నీటి పరిమాణం, మొమెంటం నిలుస్తాయి. యాంత్రిక శక్తి మాత్రం సుడుల్లో పోతుంది, పోయిన శక్తి నీటి లోతులోకి తిరిగి రాదు. మామూలు షాక్‌లో అలా కాదు, పోయిన గతిశక్తి అంతా వేడిగా వాయువులోనే ఉండి పీడనమై ఎదురు తోస్తుంది. అందుకే అయనీకరణ, రేడియేషన్ లేకుంటే ఏకపరమాణు వాయువు ఎంత బలమైన షాక్‌లోనైనా 4 రెట్లకు మించి అణగదు. జంప్‌కు అలాంటి పైహద్దు లేదు. ఫ్రూడ్ సంఖ్య (నీటి వేగానికీ, ఆ లోతులో అల వేగానికీ నిష్పత్తి) 4 అయితే లోతు 5.2 రెట్లవుతుంది, ఫ్రూడ్ పెరిగేకొద్దీ ఇంకా పెరుగుతూనే ఉంటుంది.

వేడి మొత్తం కాంతిగా బయటికి పోయే షాక్ సరిగ్గా ఇలాంటిదే. వెనక ఉష్ణోగ్రత మళ్లీ ముందున్నంతకే దిగితే, సాంద్రత నిష్పత్తి సమోష్ణ మాక్ సంఖ్య (షాక్ వేగానికీ, ఉష్ణోగ్రత మారదనుకుని లెక్కేసిన ధ్వని వేగానికీ నిష్పత్తి) వర్గం. మాక్ 4కే 16 రెట్లు. అంటే లాకు దగ్గరి జంప్, ట్యూబులోని మామూలు షాక్ కంటే రేడియేషన్ కారే షాక్‌కే దగ్గరి చుట్టం.

ఏటిగట్టు:
దానికి తోడు ఊట పోలిక కూడా పెట్టుకోవచ్చేమో. వరద నీరు గట్టు దాటకముందే, గట్టు కిందనుంచి ఊట దిగి అవతలి పొలం తడిసిపోతుంది. షాక్ రాకముందే ముందున్న వాయువు వేడెక్కడం అలాంటిదే కదండి?

వైనతేయ:
పోలిక బాగుంది, దాంతోనే మొదలుపెడతాను. ఊట ఎంత దూరం పోతుందో మట్టిని బట్టి ఉంటుంది. ఇక్కడ ఆ మట్టి పాత్ర ముందున్న చల్లటి వాయువుది. అది కాంతిని పీల్చుకుంటే షాక్‌కు ముందు ఒక వేడి నాలుక ఏర్పడుతుంది, దాన్ని ప్రికర్సర్ అంటాం. పీల్చుకోకపోతే కాంతి గోడకు పోతుంది, శక్తి నష్టమే తప్ప ప్రికర్సర్ ఉండదు.

ముందున్న వాయువు బాగా పీల్చుకునే సందర్భాన్ని జెల్దోవిచ్, రైజర్ 1957లో విప్పిచెప్పారు. అంతిమ ఉష్ణోగ్రత తక్కువైతే ప్రికర్సర్ కొద్దిగానే వేడెక్కుతుంది, అది సబ్‌క్రిటికల్. షాక్ బలం పెరిగేకొద్దీ షాక్ ముంగిట ఉష్ణోగ్రత జోరుగా పెరిగి, ఒక హద్దు దగ్గర అంతిమ ఉష్ణోగ్రతనే అందుకుంటుంది. అక్కడినుంచి సూపర్‌క్రిటికల్. హద్దు దాటాక ముంగిట ఉష్ణోగ్రత ఇంకా పెరగదు, నాలుక పొడవు మాత్రం పెరుగుతుంది. మామూలు సాంద్రత ఉన్న గాలికి ఆ హద్దు 2,85,000 కెల్విన్ దగ్గర అని వాళ్ల లెక్క.

ఇప్పుడు అసలు అందం చూడండి. కాగితం, పెన్సిల్ చాలు. బలమైన షాక్‌తో పాటు మనమూ కదులుతున్నామనుకుందాం. తొలి సాంద్రతను ఏ చోటనైనా ఉన్న సాంద్రతతో భాగిస్తే వచ్చేదాన్ని ఈటా అందాం. ద్రవ్యరాశి, మొమెంటం నిలుస్తాయి, రేడియేషన్ పీడనం చిన్నది. ఈ రెండింటితోనే ఉష్ణోగ్రత ప్రతిచోటా ఈటా × (1 – ఈటా) అనుపాతంలో ఉండాలని తేలుతుంది. శక్తి సమీకరణం జోలికే పోలేదు, కాబట్టి రేడియేషన్ ఎలా ఉన్నా ఇది నిజం.

గామా 5/3కి అంతిమ స్థితి ఈటా = 1/4, లబ్ధం 3/16. ఇదే 3/16 ఈటా = 3/4 దగ్గర కూడా వస్తుంది. సూపర్‌క్రిటికల్ షాక్‌లో ముంగిట వాయువు అంతిమ ఉష్ణోగ్రతలో ఉంటుంది గనుక అది ఈటా 3/4 దగ్గర నిలబడుతుంది, అంటే షాక్ తగలకముందే 4/3 రెట్లు అణిగింది. అక్కడ మాక్ సంఖ్య వర్గం 1.8. మాక్ 50తో బయల్దేరినా లోపల మిగిలిన షాక్ మాక్ 1.34దే! దాన్ని దాటితే సాంద్రత 1.5 రెట్లు, ఉష్ణోగ్రత 4/3 రెట్లు. మొత్తం అణిచివేత 4/3 × 1.5 = 2, అంటే ఈటా = 1/2. లబ్ధం 1/4, ఆ సమీకరణంలో అదే గరిష్ఠం. అక్కడినుంచి వాయువు కాంతిని వెదజల్లుతూ చల్లబడి, 2 నుంచి 4 రెట్లకు అణిగి, అంతిమ స్థితికి చేరుతుంది. షాక్ వెనకే సన్నగా నిలిచే ఈ ఎత్తును జెల్దోవిచ్ స్పైక్ అంటాం. ఏ గామాకైనా సూపర్‌క్రిటికల్ స్పైక్ ఎత్తు అంతిమ ఉష్ణోగ్రతకు (3 – గామా) రెట్లు. గామా 5/3 పెట్టి చూస్తే 4/3 వస్తుంది.

పాలకొల్లు పంట్లు:
ఇది ఒప్పుకోలేకపోతున్నానండి. రేడియేషన్ అంటే వేడి పోవడం. వేడి పోతున్న చోట ఉష్ణోగ్రత అంతిమ విలువ కంటే పైకి ఎలా లేస్తుంది? ఆ స్పైక్ సంఖ్యా పద్ధతిలో వచ్చిన దోషం కావచ్చు.

వైనతేయ:
దోషం కాదండి. అంతిమ స్థితి నుంచి ముందుకు పోయిన వేడి ప్రికర్సర్‌లో ఆగింది. వాయువు దాన్ని మోసుకుని మళ్లీ షాక్‌లోకే వస్తుంది. కాబట్టి షాక్ దాటిన క్షణంలో వాయువు దగ్గర తన గతిశక్తి నుంచి పుట్టిన వేడి, ముందే అప్పు తెచ్చుకున్న వేడి, రెండూ ఉన్నాయి. స్పైక్ మందంలో ఆ అప్పు తీరుస్తుంది. స్థిరస్థితిలో ముందూ వెనకా వాయువు కాంతికి మందంగా ఉంటే మొత్తం మీద ఒక్క జౌలు కూడా నష్టం కాదు, అందుకే అంతిమ స్థితి రాంకిన్–హ్యూగోనియో చెప్పినదే.

మీ అనుమానంలో ఒక నిజం మాత్రం ఉంది. వాయువుకూ రేడియేషన్‌కూ ఒకే ఉష్ణోగ్రత అనుకుని డిఫ్యూజన్ (రేడియేషన్ వేడిలా మెల్లగా పాకుతుందనే ఉజ్జాయింపు) రాస్తే స్పైక్ కనిపించదు. బలమైన షాక్‌లో ఉష్ణోగ్రత గీత నున్నగా పోయి సాంద్రత మాత్రం గెంతుతుంది. స్పైక్ కావాలంటే రెండు ఉష్ణోగ్రతలు వేరుగా ఉంచాలి.

పాలకొల్లు పంట్లు:
అప్పు తెచ్చుకున్న వేడి, అర్థమైందండి. మాట వెనక్కి తీసుకుంటున్నాను.

ఊక బాయిలర్, తణుకు:
ఎమిసివిటీ ఎలా అంచనా వెయ్యాలో ఎవరూ చెప్పలేదు కాబట్టి కొలిమి వైపు నుంచి కొంత. రైసుమిల్లు బాయిలర్‌లో నత్రజని, ఆక్సిజన్ దాదాపు వెలగవు. కార్బన్ డయాక్సైడ్ 2.7, 4.3, 15 మైక్రాన్ల దగ్గర, నీటి ఆవిరి తన పట్టీల్లో వెలుగుతాయి. ఊక బూడిద రేణువులు మాత్రం పట్టీలంటూ లేకుండా అన్ని తరంగదైర్ఘ్యాల్లోనూ వెలుగుతాయి. ఎమిసివిటీకి మందం కావాలి. ఏ ఆకారానికైనా సగటు కిరణ దూరం 3.6 × ఘనపరిమాణం ÷ ఉపరితలం. పొడవాటి గొట్టానికి వ్యాసంలో 0.95 వంతు, పలకలాంటి పొరకి మందానికి 1.8 రెట్లు. షాక్ వెనక వేడి పొర సన్నని పలకే కాబట్టి ఈ 1.8 అక్కడ పనికొస్తుంది. 5 సెంటీమీటర్ల గొట్టంలో పొర పొడవు వ్యాసాన్ని దాటితే మటుకు గొట్టం లెక్కకి మారాలి.

గౌతమి పాయ:
జ్యామితి అలాగే వాడుకోవచ్చండి. పట్టీల చార్టులు మాత్రం ఇక్కడికి రావు. 17,000 దగ్గర అణువుల గీతలు, ఎలక్ట్రాన్ తిరిగి అయానుతో కలిసేటప్పటి కంటిన్యువమ్ (గీతలుగా కాక అంతటా పరుచుకున్న వెలుగు) ఉంటాయి. ఆర్గాన్ 104.8, 106.7 నానోమీటర్ల రెజొనెన్స్ గీతల మధ్యభాగం మిల్లీమీటరు కూడా పోకుండా చిక్కుకుంటుంది, రెక్కల నుంచి కొంత జారిపోతుంది. దృశ్యకాంతి దాదాపు అంతా బయటికే. 78.7 నానోమీటర్ల కంటే పొట్టిదైన కాంతి ముందున్న చల్లటి ఆర్గాన్‌ను నేరుగా అయనీకరిస్తుంది. షాక్ రాకముందే ప్రోబ్‌లో ఎలక్ట్రాన్లు కనిపించేది దానివల్లే. ఇంత తేడాలున్నచోట ఒకే సగటు అపారదర్శకత (కాంతిని ఆపే గుణం) పెడితే ఏది ఎటూ కాకుండా పోతుంది. కనీసం మూడు గుంపులు చెయ్యండి: 78.7 కింద, అక్కడినుంచి 110 దాకా, ఆపైన.

వశిష్ఠ:
కొలిచేవాళ్లకి హెచ్చరిక. క్వార్ట్జ్ కిటికీ 160 నానోమీటర్ల చుట్టుపక్కల మూసుకుపోతుంది, మెగ్నీషియం ఫ్లోరైడ్ 115 దగ్గర, లిథియం ఫ్లోరైడ్ 105 దగ్గర. ప్రికర్సర్‌ను పుట్టించే కాంతి వీటిలో దేనిగుండానూ రాదు. కిటికీ బయట మీటరు తక్కువ చూపించిందని "రేడియేషన్ నష్టం తక్కువ" అని రాయకండి.

మురికి ఇంకో శత్రువు. 589 దగ్గర సోడియం జంట, 388 దగ్గర సయనోజన్ పట్టీ, 656.3 దగ్గర హైడ్రోజన్ గీత కనిపిస్తే ట్యూబు శుభ్రం కాలేదని అర్థం. ఈ వేగాల్లో కొద్దిపాటి మురికి కూడా వెలుగును, తొలి ఎలక్ట్రాన్ల పుట్టుకను మార్చేస్తుంది. అయితే హైడ్రోజన్‌ను కావాలనే చిటికెడు కలిపి, 486.1 గీత వెడల్పు నుంచి ఎలక్ట్రాన్ సాంద్రత తీయడం మంచి పద్ధతే. గోడ పక్క చల్లటి పొర గీత నడుమ గుంట చేస్తుంది. ఆ గుంట కనిపిస్తే వెడల్పు లెక్క నమ్మొద్దు.

కోరంగి మడ:
కోడ్ రాసేముందు దేనిమీద పరీక్షించాలండి?

వైనతేయ:
అందరూ వాడే ఒక పిస్టన్ పరీక్ష ఉంది. సాంద్రత ఘన సెంటీమీటరుకు 7.78×10⁻¹⁰ గ్రాములు, ఉష్ణోగ్రత 10 కెల్విన్, పొడవు 7×10¹⁰ సెంటీమీటర్లు, శోషణ సెంటీమీటరుకు 3.1×10⁻¹⁰. మొత్తం ఆప్టికల్ మందం, అంటే ఆ పొడవులో ఎన్ని ఫోటాన్ సగటు దూరాలు పడతాయో అది, దాదాపు 22. వాయువును గోడకేసి సెకనుకు 6 కి.మీ.తో కొడితే సబ్‌క్రిటికల్, 20తో కొడితే సూపర్‌క్రిటికల్.

6 కి.మీ.కి గామా 7/5, అణుభారం 1 పెడితే చేతిలెక్క ఇది. వాయువు దృష్టిలో షాక్ వేగం 7.2 కి.మీ., అంతిమం 866 కెల్విన్, ముంగిట 316, స్పైక్ 1,080 దగ్గర. కోడ్ అంతిమ విలువ దీనికంటే కొంచెం తక్కువ రావాలి, ఎందుకంటే ప్రికర్సర్ ఇంకా పెరుగుతూ శక్తి మింగుతుంటుంది. 20 కి.మీ. కేసులో ఇది మరీ ఎక్కువ. స్థిరస్థితి సూత్రం 9,600 అంటుంది, కోడ్ దానికి చాలా కింద ఆగుతుంది. అది చూసి కోడ్ తప్పనుకుని విప్పదీయకండి, అక్కడ స్థిరస్థితే లేదు.

చెడేచోట్లు ఇవి. లెక్కకోసం పొడవును ముక్కలు చేసే గళ్లు స్పైక్‌కంటే పెద్దవైతే స్పైక్ కొనతెగిపోతుంది. షాక్ వెనక ఫోటాన్ సగటు దూరానికి కనీసం పది గళ్లు పెట్టండి. ముందున్న వాయువులో కొలిచిన దూరంతో గళ్లు వేస్తే, అణిగాక అదే దూరం నాలుగో వంతో పద్నాలుగో వంతో అవుతుంది. కోడ్ నిలబడడానికి కలిపే కృత్రిమ స్నిగ్ధత షాక్‌ను మూడు నాలుగు గళ్లకి పరిచేస్తుంది, ఆ వెడల్పు కూడా స్పైక్‌కంటే బాగా తక్కువుండాలి. వాయువు, రేడియేషన్ మధ్య శక్తి మార్పిడిని ఇంప్లిసిట్‌గానే (అడుగు చివరి విలువలతో) రాయాలి, లేకపోతే కాంతి వేగం మీ కాలపు అడుగును తినేస్తుంది.

ఫ్లక్స్ లిమిటర్ (శక్తి ప్రవాహం కాంతి వేగాన్ని దాటకుండా ఆపే గుణకం) లేని డిఫ్యూజన్‌లో పలచటి ప్రికర్సర్ దగ్గర శక్తి కాంతి కంటే వేగంగా పరుగెడుతుంది. లెవర్‌మోర్–పోమ్రానింగ్ లిమిటర్ చాలు: (2+ఆర్) ÷ (6+3ఆర్+ఆర్²). ఆర్ అంటే ఒక ఫోటాన్ దూరంలో రేడియేషన్ శక్తి ఎన్నో వంతు మారుతోందో అది. ఆర్ సున్నా అయితే 1/3 రావాలి, బాగా పెద్దదైతే 1/ఆర్ రావాలి. ఈ రెండు కొసలూ ముందే అచ్చువేసి చూసుకోండి. స్పైక్ లోపల రేడియేషన్ అన్ని దిక్కులా ఒకేలా ఉండదు కాబట్టి, అక్కడ ఏ లిమిటర్ ఇచ్చిన ఎత్తునైనా ఉజ్జాయింపుగానే చూడాలి.

రాజోలు దీవి:
మన పక్క ప్రశ్న ఒకటి. పాశర్లపూడిలో 1995 జనవరి 8న మొదలైన బ్లోఅవుట్ (బావిలోంచి వాయువు అదుపు తప్పి ఎగజిమ్మడం) మంట రెండు నెలలకు పైగా మండింది. అలాంటి మంటలో, లేదా పైపులైను పేలుడులో, రేడియేషన్ షాక్‌ను మారుస్తుందా?

గౌతమి పాయ:
మార్చదండి. ఎగదన్నిన మంట వేడి కొబ్బరిచెట్లను దూరం నుంచే మాడుస్తుంది, కానీ అక్కడ మన లెక్కలో చెప్పుకునే షాక్ లేదు. 2,000 కెల్విన్ నల్లవస్తువు అనుకున్నా చదరపు మీటరుకు 9 లక్షల వాట్లే. పేలుడు షాక్ గాలిలో మాక్ 1.5తో పోతోందనుకుంటే, వెనక గాలి 400 కెల్విన్ కూడా ఉండదు. నల్లవస్తువైనా వెదజల్లేది 1,400 వాట్లు, షాక్‌లోకి వచ్చే శక్తి ప్రవాహం 8 కోట్ల వాట్లు. అరవై వేలలో ఒక వంతు. అక్కడ మనుషులకు ప్రమాదం రెండు దారుల్లో విడివిడిగా వస్తుంది, ఒత్తిడి ఒకటి, వేడి ఒకటి. రెండు లెక్కలూ వేరువేరుగా వెయ్యాలి, ఒకటి చూసి రెండోది వదలకూడదు.

వశిష్ఠ:
రెండూ కలిసేచోటు వ్యోమనౌకల తిరుగు ప్రయాణం. 2007 జనవరి 22న మన బంగాళాఖాతంలోనే దిగిన ఇస్రో ఎస్‌ఆర్‌ఈ–1 (కక్ష్య నుంచి తిరిగొచ్చిన ప్రయోగ నౌక) లాంటివి సెకనుకు 8 కి.మీ. లోపు వేగంతో వస్తాయి. అక్కడ వేడి ప్రధానంగా వాయువు తాకిడితోనే. అందుకే ముక్కు మొద్దుగా చేస్తారు, తాకిడి వేడి ముక్కు వ్యాసార్ధం వర్గమూలానికి విలోమంగా తగ్గుతుంది. చంద్రుడి నుంచి వచ్చే 11 కి.మీ. వేగంలో రేడియేషన్ గట్టిగా కలుస్తుంది. అది వేడి పొర మందంతో పాటు, అంటే వ్యాసార్ధంతో పాటు పెరుగుతుంది. మొద్దు చేసేకొద్దీ ఒకటి తగ్గి ఇంకొకటి పెరుగుతుంది.

1995 డిసెంబర్ 7న గురుగ్రహంలోకి సెకనుకు 47 కి.మీ. వేగంతో దిగిన గెలీలియో ప్రోబ్‌కి ఎక్కువ వేడి రేడియేషన్ రూపంలోనే తగిలింది. 152 కిలోల కవచంలో దాదాపు 80 కిలోలు ఆవిరై ఊడిపోయాయి. ఊడిన కార్బన్ ఆవిరే ఎదురొచ్చే కాంతిలో కొంత ఆపింది.

కోరంగి మడ:
ఇప్పుడు నా వరస ఇలా పెట్టుకున్నాను: అయనీకరణతో సమతాస్థితి, మూడు గుంపుల రేడియేషన్, వాయువుకూ రేడియేషన్‌కూ వేరువేరు ఉష్ణోగ్రతలు, పిస్టన్ పరీక్ష, తర్వాతే 100 పాస్కల్ ఆర్గాన్. ఇంకేం మర్చిపోయాను?

గౌతమి పాయ:
వేగం మార్చకుండా 100, 1,000, 10,000 పాస్కల్ మూడింటికీ నడపండి. అణిచివేత నిష్పత్తి ఎక్కువ పీడనం వైపు అయనీకరణ మాత్రమే ఇచ్చే విలువకి చేరాలి. చేరకపోతే శక్తి ఎక్కడో కారుతోంది. ప్రతి అడుగులో గోడకు పోయిన రేడియేషన్, కొస నుంచి బయటపడినది, వాయువులో మిగిలినది కూడండి. వచ్చిన శక్తితో వెయ్యిలో ఒక వంతుకి మించి తేడా ఉంటే ఫలితం చూడకుండానే ఆపేయండి. ఇంకొకటి, ట్యూబులో షాక్ 2 మీటర్లు పోతే 14 రెట్లు అణిగిన వాయువు పొడవు మహా అయితే 14 సెంటీమీటర్లు, గోడ పొర తిన్నది పోను ఇంకా తక్కువ. మీ చల్లబడే దూరం దానికంటే పొడవుగా వస్తే ఆ ట్యూబులో అంతిమ స్థితి కనిపించదు. కొలిచేది మధ్యలో ఉన్న వాయువునే. కాబట్టి కోడ్ గ్రాఫును కొలత పక్కన పెట్టేటప్పుడు షాక్ నుంచి దూరం సరిపోల్చి పెట్టండి.